హీరో పెన్ననుకుని కొన్న పార్కర్ 51: ఏడేళ్లు రాశాక

2018 ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్నే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ సంతకు వెళ్లాను. కావలసింది డ్రిల్లింగ్ మెషిన్ బిట్లు. పాత చార్జర్లు, రిమోట్లు, ఆగిపోయిన గడియారాలు కుప్ప పోసిన ఒక టార్పాలిన్ మీద, చిల్లర సామాన్ల డబ్బాలో ఒక ఇంకుపెన్ను కనిపించింది. స్టీలు మూత, బాణం క్లిప్పు, నల్లటి ఒళ్లు. పాళీ అంతా లోపల దాగి మొన మాత్రం బయటికి తొంగిచూస్తోంది. నా వయసు వాళ్లకు ఈ ఆకారం చూస్తే గుర్తొచ్చేది చైనా హీరో పెన్నే. తొమ్మిదో తరగతిలో నాన్న నాకు కొనిచ్చింది కూడా అదే. ఆ జ్ఞాపకంతోనే బేరమాడాను. అమ్మే చాచా నూటయాభై అన్నాడు, ఎనభైకి ఇచ్చాడు. విప్పి చూద్దామంటే మర కదల్లేదు, ఎండిన ఇంకుతో బిగుసుకుపోయి ఉంది.

ఇంటికొచ్చి గోరువెచ్చని నీళ్లు పోసిన స్టీలు గ్లాసులో మొన కిందకి ఉండేలా నిలబెట్టాను. పాళీ దగ్గర్నుంచి నీలం దారం లాగా ఇంకు దిగడం మొదలైంది. రాత్రి లోపు మూడుసార్లు నీళ్లు మార్చినా నాలుగోసారీ నీలంగానే మారాయి. తెల్లారి పాత బనియను గుడ్డతో మూత అంచు తుడుస్తుంటే, నల్లగా పేరుకున్న మకిలి కింద నుంచి సన్నటి అక్షరాలు బయటపడ్డాయి. ముందు పార్కర్ అని, పక్కన మేడ్ ఇన్ ఇంగ్లండ్ అని. అప్పుడు మర కూడా తిరిగింది. లోపల ఇంకు గొట్టానికి తొడిగిన లోహపు కవచం మీద పార్కర్ 51 అని, గాడి ఉన్న పట్టీని ఆరుసార్లు గట్టిగా నొక్కి ఇంకు నింపమని చెక్కి ఉంది. ఆ అక్షరాలను వేలితో తడుముతూ చాలాసేపు అలాగే కూర్చున్నాను. హీరో ఆకారం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది ఆ రోజే.

పార్కర్ కంపెనీ మొదలైంది 1888లో. ఈ పెన్ను రూపకల్పన పూర్తయిన 1939 ఆ కంపెనీకి 51వ ఏడు, అందుకే ఆ పేరు. మార్కెట్లోకి బాగా వచ్చింది 1941లో. నా దగ్గరున్నట్టు గొట్టాన్ని నొక్కి నింపే రకం 1948 నుంచి వచ్చింది. అంటే దీనికి నాకంటే వయసెక్కువే అయి ఉంటుంది. పాళీ 14 క్యారెట్ల బంగారం. అబిడ్స్ దగ్గర పెన్నులు బాగుచేసే ఒకాయనకు చూపిస్తే, అటూ ఇటూ తిప్పి కాగితం మీద రెండు సున్నాలు చుట్టి, "నాలుగు వేలిస్తా, ఇచ్చేయండి" అన్నారు. ఇవ్వలేదు.

కానీ ఎనభై రూపాయల సంగతి మనసులో గుచ్చుకుంటూనే ఉంది. రెండు వారాలు ఆగి మళ్లీ ఎర్రగడ్డ వెళ్లాను. నన్ను చూడగానే చాచా, "ఏం సారూ, పెన్ను రాస్తలేదా?" అన్నాడు.

"బాగా రాస్తోంది చాచా. మీకు తెలియక తక్కువకు ఇచ్చేశారు" అని ఐదొందలు చేతిలో పెట్టబోయాను.

"అమ్మిన సామానుకు మళ్ల పైసలేంది? ఇంకేమన్న కొనుక్కోండ్రి, అప్పుడు తీసుకుంట" అన్నాడు. ఒక అలారం గడియారం, రెండు హీరో పెన్నులు తీసుకుని ఆ ఐదొందలూ ఇచ్చాను.

ఇక రాత సంగతి. నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను. పాఠ్య ప్రణాళికలు, నోట్సు, రిజిస్టరు కలిపి రోజుకు నాలుగైదు పేజీలకు తక్కువ కాకుండా రాస్తాను. మన అక్షరాల్లో నిట్టనిలువు గీతల కంటే సున్నాలు, మెలికలే ఎక్కువ. బాల్‌పెన్నుతో వాటిని తిప్పాలంటే నొక్కుతూ ఉండాలి, రెండో పేజీకల్లా బొటనవేలు లాగుతుంది. ఈ పెన్ను కాగితానికి ఆనితే చాలు. 'క్ష' కానీ, 'జ్ఞ' కానీ, కింద వట్రుసుడి కానీ ఎక్కడా పట్టేయకుండా తిరుగుతుంది. ఇన్నాళ్ల తర్వాత కూడా 'ఋ' రాసేటప్పుడు నాకు ప్రత్యేకంగా సంతోషం కలుగుతుంది.

దాగిన పాళీ అందం కోసం పెట్టింది కాదు. గాలి తగలదు కాబట్టి ఇంకు తొందరగా ఎండదు. పిల్లలు సందేహం అడిగితే మూత పెట్టకుండా పక్కన పెట్టి, చెప్పడం అయ్యాక తీసినా మొదటి అక్షరం నుంచే రాస్తుంది. లోపల సన్నటి రెక్కల్లాంటి గాడులతో ఇంకో భాగం ఉంది. ఇంకు ఎక్కువగా దిగితే అది పట్టి ఉంచుతుంది. మే నెల ఎండలో చొక్కా జేబులో పెట్టుకుని స్కూటరు మీద తిరిగాను, ఒక్కసారి కూడా చొక్కా పాడవలేదు. ఇంకు గొట్టం ఇంకా అసలుదే. పాత పెన్నుల్లో రబ్బరు గొట్టాలు కుళ్లిపోతాయి, దీనిది ప్లాస్టిక్ రకం కాబట్టి ఇన్నేళ్లు నిలిచింది.

ఇబ్బందులు లేవని చెప్పను. పాళీ కనపడదు కాబట్టి పెన్ను కాస్త పక్కకు తిరిగితే గీత సన్నబడి గీరుతుంది. చేయి అలవాటు పడటానికి నాకు నెల పట్టింది. లావు సన్నం గీతలతో అందమైన దస్తూరి కావాలనుకునే వాళ్లకు ఇది పనికిరాదు, గీత అంతా ఒకటే మందం. ఇంకు రంగు మార్చాలంటే ఆ గాడులన్నీ శుభ్రపడేసరికి రెండు రోజులు పడుతుంది. గొట్టం నల్లబడింది కాబట్టి ఎంత ఇంకు మిగిలిందో తెలియదు, సోమవారం పొద్దున అలవాటుగా నింపేస్తాను. మూత పట్టు కూడా రెండేళ్లుగా వదులైంది. జేబులోంచి లాగితే ఒక్కోసారి మూత అక్కడే ఉండిపోయి పెన్ను చేతికొస్తుంది.

మీకూ సంతలో ఇలాంటిది దొరికితే ఆకారం చూసి నమ్మకండి, హీరో కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. మూత అంచు తుడిచి చూడండి, మర తిరిగితే లోపలి కవచం మీద ఏం రాసి ఉందో చదవండి. బిగుసుకుపోతే బలవంతం చేయకుండా నీళ్లలో నానబెట్టండి, మరిగే నీళ్లు మాత్రం వద్దు. స్పిరిట్, శానిటైజర్ లాంటివి అసలు తగలనివ్వకండి, ఈ ప్లాస్టిక్ ఒళ్లు పగుళ్లిస్తుంది. కరోనా రోజుల్లో దీన్ని ఎవరి చేతికీ ఇవ్వకపోవడానికి నాకు అదే కారణం. 2021లో ఇదే పేరుతో కంపెనీ కొత్త పెన్ను తెచ్చింది. దాని మూత మర తిప్పి తీయాలి, మామూలు రకానికి స్టీలు పాళీ. రెండూ ఒకటే అనుకుని డబ్బు పెట్టకండి.

నేను బ్రిల్ రాయల్ బ్లూ తప్ప ఇంకేదీ ఇందులో పోయను. పరీక్ష పేపర్లు దిద్దే ఎర్ర ఇంకుకు చాచా దగ్గర రెండోసారి కొన్న హీరో పెన్ను ఉంది.