అక్వేరియానికి సంపు: రంధ్రాల పనికి పూర్తి మార్కులు, పైపుల పనికి సగం

విజయవాడ పటమటలోని మా ఇంట్లో 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 2 అడుగుల ఎత్తు గల అక్వేరియంలో మూడేళ్లుగా ఏంజెల్ చేపలను పెంచుతున్నాను. దానికి సంపు అమర్చే పనిని ఈ వేసవిలో ఏలూరు రోడ్డు పక్క వీధిలోని ఒక అక్వేరియం దుకాణానికి అప్పగించాను. సంపు అనగానే మన ఊళ్లో ఇంటి ముందు నేలలో కట్టించే నీళ్ల తొట్టి గుర్తుకొస్తుంది. ఇది అది కాదు, అక్వేరియం కింది అల్మారాలో ఉండే మరో గాజు తొట్టి. పై నుంచి పొంగి దిగే నీరు ఇందులో వడకట్టుకుని, మోటారుతో తిరిగి పైకి వెళుతుంది. మే నెల బెజవాడ ఎండకు రోజూ ఎంత నీరు ఆవిరైనా ఆ తరుగు సంపు చివరి గదిలోనే కనిపిస్తుంది, చేపలున్న తొట్టిలో మట్టం మాత్రం కదలదు. నేను ఈ పనికి పూనుకోవడానికి ముఖ్య కారణం ఇదే.

రంధ్రాలు వేయడానికి వచ్చిన మేస్త్రిగారి పనితనాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. ఆయన వచ్చీ రాగానే డ్రిల్లు బయటికి తీయలేదు. మా ల్యాప్‌టాప్ తెరను తెల్లగా వెలిగించి గాజు వెనుక పెట్టమని, ఇవతలి నుంచి పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలతో చూశారు. టఫెన్డ్ గ్లాసైతే, అంటే వేడి చేసి గట్టిపరచిన గాజైతే, నల్లని మచ్చలో రంగుల చారలో కనిపిస్తాయి, అలాంటి గాజుకు డ్రిల్లు ఆనించామా, మొత్తం పలక ఒక్కసారిగా చిన్న చిన్న ముక్కలైపోతుంది. మాది మామూలు గాజేనని తేలాకే ఆయన కొలతలకు దిగారు. మూడు రంధ్రాలు కావాలని ముందే చెప్పాను: రెండు నీరు దిగడానికి, ఒకటి ఎక్కడానికి. దిగే పైపు ఒక్కటే ఉంటే, దానికి ఒక ఆకో నత్తో అడ్డుపడిన రోజున నీరంతా హాల్లోకి వస్తుంది. రంధ్రం అంచుకూ గాజు అంచుకూ మధ్య కనీసం రంధ్రం వ్యాసమంత జాగా వదలాలని మేస్త్రిగారు పట్టుబట్టి, నేను గుర్తు పెట్టిన ఒక చోటును మార్పించారు. పైపును గాజుకు బిగించే ట్యాంక్ కనెక్టర్ మరను క్యాలిపర్‌తో కొలిచాకే 45 మిల్లీమీటర్ల డైమండ్ బిట్ ఎంచుకున్నారు.

చేపలను గాలి మోటారు పెట్టిన టబ్బులోకి మార్చి, ఖాళీ తొట్టిని నలుగురం కలిసి థర్మోకోల్ పలకల మీద, రంధ్రాలు వేసే వైపు పైకి వచ్చేలా పడుకోబెట్టాం. గాజు లోపలి వైపు టేపు అంటించి, పైన గుర్తు చుట్టూ గోధుమపిండి ముద్దతో చిన్న గట్టు కట్టి అందులో నీళ్లు పోశారు. బిట్‌ను మొదట కాస్త వాల్చి పట్టుకుని నెలవంకలా గాడి పడనిచ్చి, తరువాత నిటారుగా నిలిపి, నెమ్మదైన వేగంతో, డ్రిల్లు బరువు తప్ప చేతి బరువు వేయకుండా తిప్పారు. నీళ్లు పాలలా తెల్లబడగానే ఆపి మార్చేవారు. చివరి మిల్లీమీటరులో మరీ తేలికపట్టారు, ఎందుకంటే బిట్ అవతలికి దిగేటప్పుడే అంచు పెచ్చులూడుతుంది. 10 మిల్లీమీటర్ల గాజుకు పడిన మూడు రంధ్రాల్లో ఒక్క దానికీ చెప్పుకోదగ్గ పెచ్చు లేదు. ఒక్కో రంధ్రానికి తీసుకున్న 500 రూపాయలు ఆ శ్రద్ధకు తక్కువే.

మరునాడు పైపుల పనికి వేరే మనిషి వచ్చారు. మేడ మీది నీళ్ల ట్యాంకులకు ఆయన చేయి తిరిగినదే కావచ్చు గానీ, అక్వేరియానికి కావలసిన ఆలోచన వేరు. కనెక్టర్ రబ్బరు వాషరును నీటి వైపున్న అంచు కింద పెట్టకుండా బయట నట్టు వైపు పెట్టి బిగించారు. నట్టు తిరిగేటప్పుడు వాషరు మెలితిరిగింది, నీరు మరల వెంట చెమ్మగా దిగింది. రెండో పొరపాటు ఇంకా పెద్దది. నీరు ఎక్కే పైపు కొసను తొట్టిలో మట్టానికి 8 అంగుళాల లోతున వదిలారు. కరెంటు పోయి మోటారు ఆగితే అదే పైపులోంచి సంపులోకి నీరు ఎంత వెనక్కి దిగుతుందని అడిగితే, "ఏం కాదండీ, నాన్ రిటర్న్ వాల్వ్ ఉంది కదా" అన్నారు. నీటిని ఒకవైపే పోనిచ్చే ఆ వాల్వ్‌లో ఒక ఇసుక రేణువు ఇరుక్కున్నా అది పూర్తిగా మూసుకోదు. మా తొట్టిలో అంగుళం నీరంటే సుమారు 14 లీటర్లు, 8 అంగుళాలంటే 113 లీటర్లు. మా సంపు అంచుల దాకా నింపినా పట్టేది 110 లీటర్లే, అందులో సగానికి పైగా ఎప్పుడూ నీరుంటుంది. ఈ లెక్కను కాగితం మీద వేసి చూపించినా ఆయన ఒప్పుకోలేదు. చివరికి నేనే వాల్వ్ తీయించి, మోటారు ఆపి చూపించాను. సంపులో నీరు అంచుకు చేరుతుండగా స్విచ్ వేయవలసి వచ్చింది.

దుకాణం యజమానికి ఫోన్ చేస్తే, ఆయన వాదించకుండా సాయంత్రమే స్వయంగా వచ్చారు. పైపు కొసను మట్టానికి దగ్గరగా లేపి, మట్టం కిందే ఒక చిన్న బెజ్జం పెట్టించారు. నీరు అక్కడిదాకా దిగగానే గాలి లోపలికి పోయి ధార తెగుతుంది. ఇప్పుడు కరెంటు పోతే పైన ఒకటిన్నర అంగుళం, అంటే 21 లీటర్లే దిగి, సంపులో మట్టం 3 అంగుళాలు పెరిగి ఆగుతోంది. వాషర్లను కూడా అదనపు డబ్బు అడగకుండా మార్చారు. అతుకులన్నీ సాల్వెంట్‌తో అంటించేయడంతో రెండు చోట్ల పైపును కోయవలసి వచ్చింది. మొదటే యూనియన్లు, అంటే విప్పి మళ్లీ బిగించుకోగల అతుకులు, పెట్టి ఉంటే ఆ అవసరం రాకపోను.

ఇక మిగిలింది దిగే పైపు మీది వాల్వ్. అక్కడ బాల్ వాల్వ్ పెట్టారు, దాన్ని వెంట్రుకవాసి తిప్పినా ధార ఎక్కువ తక్కువ అవుతుంది గనుక నీటితో గాలి కలిసి దిగే గడగడ శబ్దం పూర్తిగా పోలేదు. కొద్దికొద్దిగా సర్దుకోవడానికి గేట్ వాల్వే కావాలి. మారుస్తామన్నారు గానీ మూడు వారాలుగా రాలేదు. నా రెండో తొట్టికి రంధ్రాలు ఆ మేస్త్రిగారి చేతనే వేయిస్తాను, పైపులు మాత్రం నేనే కొని అమర్చుకుంటాను.