గల్ఫ్ వెళ్లేవారికి మహబూబ్‌నగర్‌లో అరబ్బీ, హిందీ శిక్షణ: ఒక సమీక్ష

మహబూబ్‌నగర్ బస్టాండు సమీపంలో, గల్ఫ్ ప్రయాణానికి సిద్ధమవుతున్నవారి కోసం సాయంత్రం పూట నడుస్తున్న అరబ్బీ, హిందీ సంభాషణ తరగతిలో మా అక్క కొడుకును చేర్పించి, కొన్ని పాఠాలు నేనూ వెనుక వరుసలో కూర్చుని విన్నాను. నెలకు మూడు వేల రూపాయల రుసుము. కువైట్‌లో చాలాకాలం డ్రైవరుగా పనిచేసి వచ్చిన గురువుగారు గ్రాంథిక అరబ్బీ జోలికి పోకుండా, అక్కడి పనిచోట్ల తెలుగువారు, బెంగాలీలు, నేపాలీలు, అరబ్బులు పరస్పరం మాట్లాడుకునే కలగలుపు భాషనే నేర్పుతారు.

నాకు అన్నింటికంటే నచ్చినది అంకెల పాఠం. అరబ్బీ రాతలో సున్నాకు చుక్క పెడతారు. మన సున్నాలా గుండ్రంగా కనిపించేది ఐదు, మన 7ను పోలి ఉండేది ఆరు. అందువల్ల ఒప్పంద పత్రంలో 65 అని ఉన్న జీతాన్ని తెలియనివారు 70 అని చదివి సంతకం చేసే ప్రమాదం ఉంది. గురువుగారు నమూనా పత్రాలు పంచి, ప్రతి ఒక్కరి చేతా పైకి చదివించారు. ‘యంత్రం ఆపండి’, ‘ఇక్కడ నొప్పిగా ఉంది’, ‘నా పాస్‌పోర్టు నాకు ఇవ్వండి’ వంటి మాటలను తడుముకోకుండా పలికేవరకు ఎవరినీ వదలలేదు.

వలసల చరిత్రకూ ఒక పూట కేటాయించారు. ముంబైలోని కామాటిపురకు ఆ పేరు మన ప్రాంతం నుంచి కట్టడపు పనులకు వెళ్లిన కామాటీల వల్ల వచ్చిందని, 1860లో మద్రాసు నుంచి ట్రూరో నౌకలో డర్బన్ చేరిన చెరకుతోటల కూలీలలో తెలుగువారూ ఉన్నారని, మారిషస్ బడుల్లో నేటికీ తెలుగు బోధిస్తున్నారని విన్నప్పుడు కుర్రవాళ్ల ముఖాల్లో కనిపించిన ఆసక్తి నన్ను కదిలించింది.

చట్టపరమైన జాగ్రత్తలను మాత్రం హడావిడిగా ముగించారు. 1983 నాటి వలసల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంటే విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపాలి; తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. పదో తరగతి దాటనివారు గల్ఫ్‌లో పనికి వెళ్లేటప్పుడు ప్రభుత్వ వలస అనుమతి తీసుకోవాలి. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 10 లక్షలు అందించే ప్రవాసీ భారతీయ బీమాకు రెండేళ్ల ప్రీమియం 275 రూపాయలే. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చని నమ్మినవారికి ఈ అనుమతీ బీమా రెండూ దక్కవు. భాష ఎంత వచ్చినా, చేతిలో సరైన కాగితం లేని కార్మికుడు ఫిర్యాదు చేయడానికే భయపడతాడు కనుక దీనికి కనీసం రెండు తరగతులు కేటాయించాలి.

ఇంటిపనికి వెళ్లే స్త్రీలకు అనువైన పాఠాలు అసలు లేకపోవడం నన్ను బాధించింది. నాలుగు గోడల మధ్య, తెలుగు వినపడని ఇంట్లో పనిచేసే మనిషికి మాట అవసరం ఇంకా ఎక్కువ. వారికోసం పగటిపూట ఒక తరగతి తెరిస్తే, మా వాడలోని మహిళా సంఘాలకు ఆ కబురు చేరవేసే బాధ్యత నేను తీసుకుంటాను.