ఓడే జట్టును ప్రేమించేవారికి ఎంఎల్‌బీ టీవీ

2024లో 121 మ్యాచ్‌లు ఓడిన చికాగో వైట్ సాక్స్ వంటి జట్టు అభిమానికి ఎంఎల్‌బీ టీవీ (అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ మ్యాచ్‌లను ఆన్‌లైన్‌లో చూపే సేవ) చందా గిట్టుబాటయ్యేది ప్రధాన లీగ్ మ్యాచ్‌ల వల్ల కాదు, 2023 నుంచి అదే చందాలో కలిసి వస్తున్న మైనర్ లీగ్ (యువ ఆటగాళ్లు రాటుదేలే దిగువ స్థాయి పోటీలు) ప్రసారాల వల్ల. 2024 డిసెంబరులో వైట్ సాక్స్ తమ మేటి ఎడమచేతి పిచర్ (బంతి విసిరే ఆటగాడు) గారెట్ క్రోషేను బోస్టన్‌కు ఇచ్చి, క్యాచర్ కైల్ టీల్‌తో సహా నలుగురు యువకులను తెచ్చుకుంది. టీల్ 2025 జూన్‌లో పైస్థాయికి వచ్చేదాకా అతని ఆటను బేరీజు వేయడానికి వైట్ సాక్స్ మైనర్ లీగ్ జట్టు షార్లట్ నైట్స్ మ్యాచ్‌లే ఆధారం. అక్కడే బ్యాటింగ్‌లో తడబడి, స్వింగ్ సరిదిద్దుకోవడానికి అరిజోనా శిక్షణ కేంద్రానికి వెళ్లిన కోల్సన్ మోంట్‌గమరీ, జులైలో ప్రధాన జట్టులోకి వచ్చి సీజన్ ముగిసేలోగా 21 హోమ్ రన్లు కొట్టాడు. ఆ తడబాటును చూసినవారికే ఈ మార్పు రుచి పూర్తిగా తెలుస్తుంది. ఇతర జట్లు అట్టిపెట్టుకోని మైనర్ లీగ్ ఆటగాళ్లను ఎంచుకునే రూల్ 5 డ్రాఫ్ట్‌లో మిల్వాకీ నుంచి వచ్చి నేరుగా ప్రధాన జట్టులో ఆడిన షేన్ స్మిత్ విషయంలో మాత్రం ఈ సౌలభ్యం అక్కరకు రాదు.

మైనర్ లీగ్ చిత్రీకరణ సాదాసీదాగానే ఉంటుంది. అంతకన్నా పెద్ద లోపం, స్థానిక ప్రసార హక్కుల వల్ల చికాగోవాసులకు ఈ చందాతో సొంత జట్టు మ్యాచ్‌లు ప్రత్యక్షంగా అందకపోవడం. దూరాన ఉన్న అభిమానులకైతే నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.