రెండు పథ్యాల ఇంటికి ఒకే క్యారియర్: చిరుధాన్యాల భోజన సేవపై సమీక్ష

విద్యానగర్, నల్లకుంట, బర్కత్‌పురా ప్రాంతాల్లోని ఇళ్లకు మధ్యాహ్నం, రాత్రి చిరుధాన్యాల భోజనం క్యారియర్లలో పంపే ఒక చిన్న వంటశాలకు మేము కొంతకాలంగా నెలవారీ చందా కడుతున్నాం. ఇటువంటివి ఇప్పుడు హైదరాబాద్‌లో చాలా పేటల్లో వెలిశాయి, వాటి మంచిచెడ్డలు కూడా చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి గనుక పేరు రాయడం లేదు. నాకు మధుమేహం వచ్చి పదేళ్లు దాటింది. మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమిపిరైడ్ కూడా వాడుతున్నాను. మా వారికి రక్తపోటు చాలాకాలంగా ఉంది, దానివల్ల మూత్రపిండాలు కొంత దెబ్బతిని, అవి వడకట్టి బయటకు పంపవలసిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరిగింది. నాకు మంచిదని చెప్పే పప్పు, ఆకుకూర ఆయనకు కొలిచి పెట్టాలి; ఆయన నిశ్చింతగా తినగలిగే తెల్లన్నం నాకు కొలిచి పెట్టాలి. పిల్లలు దూరదేశాల్లో ఉన్న ఇంట్లో, మోకాళ్ల నొప్పులతో రోజూ రెండు రకాల వంట చేయలేక ఈ సేవ తీసుకున్నాం. కాబట్టి దీన్ని రుచి ఒక్కదానితో కాక, దీర్ఘవ్యాధితో బతికేవాళ్లకు రోజువారీగా ఎంతవరకు పనికి వస్తుందన్న లెక్కతో తూచి రాస్తున్నాను.

పూటకు 160 రూపాయలు. మధ్యాహ్నం నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ వస్తుంది: కొర్రలు, సామలు, అరికెల్లో ఏదో ఒక అన్నం, పప్పు, ఒక కూర, చారు. మజ్జిగ, రోటి పచ్చడి విడిగా చిన్న డబ్బాల్లో ఉంటాయి. రాత్రి జొన్న రొట్టెలు, కూర. ప్లాస్టిక్ డబ్బాల్లో వేడి చారు పోసి పంపే అలవాటు ఈ వంటశాలకు లేకపోవడం నాకు నచ్చిన మొదటి విషయం.

వంటల్లోకెల్లా మేలైనవి జొన్న రొట్టెలే. వేడినీళ్లతో పిండి కలిపి, చేత్తో తట్టి, పెనం మీద వేశాక తడిగుడ్డతో పైన నీళ్లు అద్ది కాల్చిన రొట్టె అది. అంచు పల్చగా, అక్కడక్కడ గోధుమరంగు మచ్చలతో, పొంగి విడిపోయిన పైపొర వేలితో తీస్తే వచ్చేంత సన్నగా ఉంటుంది. సాయంత్రాలు నగరంలో రోడ్ల పక్కన పొయ్యి పెట్టుకుని రొట్టెలు తట్టే ఆడవాళ్ల పనితనం తెలిసినవాళ్లెవరైనా ఈ వంటశాలలో అలాంటి చేయి ఒకటి ఉందని ఇట్టే పోల్చుకుంటారు. బీరకాయ కూరలో నూనె తేలదు, దోసకాయ పచ్చడిలో వెల్లుల్లి ఘాటు తెలుస్తుంది. కొర్రన్నం పొడిపొడిగా, మెతుకు దేనికది విడిగా వస్తుంది. సామల అన్నం మాత్రం కొన్ని రోజులు ముద్దగా, దాదాపు జావలా ఉడికిపోయి ఉంటుంది. ధాన్యం ఎంత మెత్తగా ఉడికితే, ఎంత సన్నగా విరిగితే, అందులోని పిండిపదార్థం అంత త్వరగా రక్తంలో చక్కెరగా మారుతుంది గనుక షుగరు ఉన్నవాళ్ల విషయంలో ఇది రుచికి మించిన లోపం. ఉదయం పూట వీరు అమ్మే రాగి జావను నేను ఇందుకే తీసుకోవడం లేదు. రాగులు మంచివే, 100 గ్రాముల్లో 360 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం ఉంటుంది; కానీ మెత్తటి పిండిని కాచి, బెల్లం కలిపి తాగితే ఆ మంచితనం చక్కెర విషయంలో పెద్దగా అక్కరకు రాదు.

ధాన్యం నాణ్యతపై యజమానికి శ్రద్ధ ఉందనే చెప్పాలి. అడిగితే బస్తా విప్పి చూపించారు. పాలిష్ పట్టిన కొర్రలు నిగనిగలాడే పసుపు రంగులో ఉంటాయి. ఇవి మసకగా, గుప్పిట్లోకి తీసుకుంటే అరచేతికి సన్నటి తవుడు అంటుకునేలా ఉన్నాయి. పొట్టు తీసినా తవుడు పొర మిగిలి ఉందన్నమాట. పీచులో చాలా భాగం ఆ పొరలోనే ఉంటుంది, కొవ్వు కూడా అక్కడే ఉంటుంది గనుక ఇలాంటి ధాన్యం ఎక్కువకాలం నిలవ ఉండదు. వానాకాలంలో అన్నం ఒకటి రెండుసార్లు ముక్కిన వాసన వేసింది. ఆ సంగతి చెబితే వాదించకుండా బస్తా మార్చారు.

అయితే ధాన్యం మారినంత మాత్రాన లెక్క మారిపోదు. జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పోషక విలువల పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్లబియ్యంలో దాదాపు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే, సామల్లో దాదాపు 65 గ్రాములు ఉంటుంది. పీచు బియ్యంలో మూడు గ్రాములైనా లేదు, సామల్లో ఏడు గ్రాములు దాటుతుంది. తేడా ఉంది, మంచి తేడానే. కానీ రెండు గరిటెల వరి అన్నం తినేవాళ్లు ధైర్యంగా నాలుగు గరిటెల సామల అన్నం తినదగినంత తేడా కాదు. మాకు వచ్చే అన్నం గిన్నెను వంటింటి కాటా మీద పెడితే 320 గ్రాములు తూగింది. ముడి ధాన్యం లెక్కన అది సుమారు 110 గ్రాములు, అంటే పూటకు 70 గ్రాములకు పైగా పిండిపదార్థం ఆ ఒక్క గిన్నెలోనే ఉంది. కూర గిన్నె చూస్తే అందులో సగానికి సగం ఖాళీ.

మా ఇంటి నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం దాటితే తార్నాక వస్తుంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ అక్కడే ఉంది. ఆ సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు ధాన్యాల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 45 శాతానికి మించవద్దని, కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని చెబుతున్నాయి. ఆరోగ్యం పేరుతో నడిచే వంటశాలలో ఈ నిష్పత్తి తలకిందులై ఉండటం విచిత్రమే. నేను అన్నం సగం చేసి, కూర రెండింతలు పెట్టమని అడిగితే యజమాని మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు, ధర కూడా పెంచలేదు. గిన్నె నిండా అన్నం తిన్న రోజుల్లో రెండు గంటల తర్వాత నా షుగరు 220 దగ్గర కనిపించేది; అన్నం సగానికి తగ్గించి, కూర, పప్పు ముందు తిని, అన్నం చివరకు తినడం మొదలుపెట్టాక ఎక్కువగా 160, 170 మధ్య ఉంటోంది. ఈ మార్పు అడిగినవాళ్లకే చేస్తున్నారు. అడగని వాళ్లకు ఇప్పటికీ నిండు గిన్నెడు అన్నమే వెళుతోంది, వాళ్లలో చాలామంది చిరుధాన్యమే కదా అని గిన్నె ఖాళీ చేస్తూ ఉంటారు.

ఇక నాకు అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది సమయంతో వచ్చింది. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు క్లోమం నుంచి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి, మనం అన్నం తిన్నామా లేదా అని అవి చూడవు. మాత్ర వేసుకున్నాక భోజనం ఆలస్యమైతే చక్కెర పడిపోతుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం ఒంటిగంటకు రావలసిన క్యారియర్ ఒకరోజు రెండు దాటినా రాలేదు. ఫోన్ చేస్తే, "ఆంటీ, క్రాస్ రోడ్స్ కాడ ఫుల్ జామ్ ఉంది, పది నిమిషాల్ల వస్తున్న" అన్నాడు తెచ్చే కుర్రవాడు. అప్పటికే నాకు చేతులు వణికి, మెడ వెనక చెమట పట్టింది. వేలు గుచ్చి చూస్తే 62. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించుకుంటే గానీ కుదుటపడలేదు. ఆ కుర్రవాడి తప్పు ఇందులో ఏమీ లేదు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ చుట్టుపక్కల ఇరవైకి పైగా ఇళ్లకు ఒక్క బండి మీద భోజనం చేర్చమంటే ఎవరైనా అంతే చేయగలరు. కానీ తాము అన్నం పెడుతున్నది మాత్రలు వేసుకుని, ఇన్సులిన్ పొడుచుకుని గడియారం చూసుకుంటూ కూర్చునే మనుషులకన్న స్పృహ నడిపేవాళ్లకు ఉండాలి. దారిలో ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్న వరుస ఇంటి దూరాన్ని బట్టి వేస్తున్నారు గానీ, ఎవరు ఏ మందు మీద ఉన్నారన్నది చందా కట్టించుకునేటప్పుడు ఒక్క మాట కూడా అడగలేదు. నేను మా డాక్టరు గారితో మాట్లాడి, ఆయన సలహా మేరకు క్యారియర్ గుమ్మంలోకి వచ్చాకే మాత్ర వేసుకుంటున్నాను. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఈ సేవ తీసుకుంటే డబ్బు కట్టడానికి ముందే వేళ గురించి గట్టిగా అడగాలని, గ్లూకోజ్ ఎప్పుడూ చేతికి అందేలా ఉంచుకోవాలని నా మనవి.

మా వారి విషయంలో ఈ సేవ పనికి రాలేదు. 'బీపీ భోజనం' అని వేరే చీటీ అంటించిన క్యారియర్ పంపుతారు, ధర పది రూపాయలు ఎక్కువ. ఉప్పు తక్కువ ఉన్నా రుచి చప్పగా లేకపోవడం చూసి అనుమానం వచ్చి అడిగితే, వంటావిడ లోపలి నుంచి ప్యాకెట్ తెచ్చి చూపించింది. సోడియం తగ్గించిన ఉప్పు అది, తగ్గించిన మేరకు పొటాషియం క్లోరైడ్ కలిపారు. మూత్రపిండాలు బాగున్న రక్తపోటు రోగికి అది మేలే చేయవచ్చు. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు మాత్రం పొటాషియం బయటకు పోక రక్తంలో పేరుకుంటుంది, అది గుండె లయనే దెబ్బతీయగలదు. రక్తపోటుకు వాడే కొన్ని మందులు కూడా పొటాషియాన్ని పెంచుతాయి. దానికి తోడు పాలకూర పప్పు, టమాటా చారు. ఆకుకూరను, దుంపలను తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండితే పొటాషియం కొంత తగ్గుతుందని ఆయనకు ఆస్పత్రిలో డైటీషియన్ రాసిచ్చిన చీటీలో ఉంది. అలా వండగలరా అని అడిగితే యజమాని, "అంత విడివిడిగా మాకు కుదరదమ్మా, అందరికీ ఒకటే గుండిగ" అన్నారు. ఆ నిజాయితీకి నేను సంతోషించాను. అయితే అదే మాట చీటీ మీద కూడా ఉంటే బాగుండేది. మధుమేహం, రక్తపోటు, మూత్రపిండాల జబ్బు, థైరాయిడ్ అన్నీ కలిపి కరపత్రంలో 'దీర్ఘవ్యాధులన్నిటికీ ఒకే పరిష్కారం' అని వేయడం మాత్రం ఏ విధంగానూ సమర్థించలేనిది. ఒకే ఇంట్లో ఉన్న మా ఇద్దరికే ఒక్క గుండిగ కుదరలేదు.

కరపత్రం మాట వచ్చింది గనుక మిగతాదీ చెబుతాను. 'మూడు నెలల్లో మందులు మానేయవచ్చు' అని అందులో పెద్ద అక్షరాల్లో ఉంది. ఆహారం రోగాన్ని నయం చేస్తుందని ప్రకటించుకోవడానికి ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2018లో తెచ్చిన నిబంధనలు ఒప్పుకోవు. తిండి, నడక, బరువు తగ్గడం వల్ల కొందరికి మందుల మోతాదు తగ్గుతుందన్నది నిజమే, కానీ తగ్గించవలసింది పరీక్షలు చూసిన డాక్టరు. దేశంలో 10 కోట్లకు పైగా మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి ఇండియాబ్ అధ్యయనం 2023లో తేల్చింది. ఇంతమంది భయాన్ని బేరానికి పెట్టడం సులువు. గల్లా పక్కన అద్దాల బీరువాలో 'షుగర్ ఫ్రీ' అని రాసిన తాటిబెల్లం సున్నుండలు, సజ్జ బిస్కెట్లు కూడా ఉన్నాయి. అవే నిబంధనల ప్రకారం 100 గ్రాముల్లో అర గ్రాముకు మించి చక్కెర ఉంటే ఆ పేరు వాడకూడదు. బెల్లం ఏ చెట్టుదైనా అందులో అత్యధిక భాగం చక్కెరే. ఈ సంగతి సౌమ్యంగానే చెప్పాను. యజమాని, "బెల్లం నాచురల్ కదమ్మా" అన్నారు. ఆ పేరు ఇంకా అలాగే ఉంది. సున్నుండలు మాత్రం చాలా బాగున్నాయని, జబ్బు లేని మా మరదలు మెచ్చుకుందని కూడా రాయడం న్యాయం.

ఇన్ని చెప్పాక కూడా నా మట్టుకు చందా కొనసాగిస్తున్నాను. మధ్యాహ్నం సగం అన్నం, రెండింతలు కూర. రాత్రి రెండు జొన్న రొట్టెలు. వంటింట్లో నిలబడే పని తప్పినందువల్ల సాయంత్రం ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో నడవడానికి మోకాళ్లలో కాస్త సత్తువ మిగులుతోంది, నా షుగరుకు అది కొర్రలంత మేలూ చేస్తూ ఉండవచ్చు. మా వారికి ఇంట్లోనే, డైటీషియన్ చీటీ చూసుకుంటూ, తెల్లన్నం, నీళ్లు వార్చిన కూర చేస్తున్నాను. ఒక్కరికే గనుక పెద్ద శ్రమ లేదు. మధుమేహం మాత్రమే ఉండి, గిన్నెలో ఎంత ఉందో చూసుకుని అడిగి మార్పించుకోగలవాళ్లకు ఈ సేవను సిఫారసు చేస్తాను. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు చేయను. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు వేళ విషయం తేలిన తర్వాతే ఆలోచించాలి. ఆదివారం సెలవు, పండుగ రోజుల్లో ముందురోజు చెబుతారు. నెల మధ్యలో ఆపితే డబ్బు తిరిగి ఇవ్వరు, మిగిలిన పూటలు వచ్చే నెలకు జమ చేస్తారు. ఎప్పుడు ఆస్పత్రిలో చేరాల్సి వస్తుందో తెలియనివాళ్లు ఈ మాటను చందా కట్టే రోజునే రసీదు మీద రాయించుకోవడం మంచిది.