సానెట్టి మీద ఎర్ర తోడేలు

ఇథియోపియా తోడేలును చూడటానికి ఆ దేశంలోని బాలే కొండలకు వెళ్లాలనుకుంటే బస ఎక్కడో ముందే తేల్చుకోండి. అడిస్ అబాబా నుంచి కారులో దాదాపు 400 కిలోమీటర్లు, రోజంతా పట్టింది. మొదటి రాత్రి దిన్షో అనే ఊళ్లో ఉన్నాం. పొద్దున్నే కొండ న్యాలాలు కిటికీ ముందుకే వచ్చి మేశాయి. ఆ దేశంలో తప్ప ఇంకెక్కడా లేని జింక జాతి అది. కానీ గదిలో వేడినీళ్లు లేవు, రెండు రగ్గులు కప్పుకున్నా వణుకు తగ్గలేదు. తోడేళ్ల కోసమే అయితే గోబా పట్టణంలో దిగడం మేలు. అక్కడి చిన్న హోటల్లో గీజర్ పనిచేసింది, కాఫీ అయితే చెప్పక్కర్లేదు.

తెల్లారకముందే బయల్దేరి సానెట్టి పీఠభూమి ఎక్కాం. ఎత్తు 4,000 మీటర్లు. నాకు తలనొప్పి పట్టుకుంది, నీళ్లు తాగుతూ నెమ్మదిగా నడవాల్సి వచ్చింది.

గైడ్ వేలు చూపించాక కూడా తోడేలు కాసేపు కనపడలేదు. ఎర్రటి ఒళ్లు, తెల్లటి గొంతు, పొడుగు మూతి. మనవాళ్లెవరైనా నక్కే అంటారు. అక్కడి ఒరోమో భాషలోనూ దాన్ని గుర్రపు నక్క అనే పిలుస్తారట, ఈనబోయే గుర్రాల వెనక తిరిగి మావి తింటుందని. పొట్ట నేలకు ఆనించి రెండడుగులు పాకింది, ఆగింది. బొరియలోంచి బొద్దుగా ఉన్న ఎలుక తల బయటపెట్టింది. తోడేలు ఎగిరి దూకింది, దొరకలేదు. మట్టి దులుపుకుని ఇంకో బొరియ వైపు నడిచింది.

ఇథియోపియా మొత్తంలో ఎదిగిన తోడేళ్లు 500 కూడా లేవు, సగానికి పైగా ఇక్కడే. వేటగాళ్లు కాదు, పశువుల కాపరుల కుక్కలే వీటికి గండం. రేబిస్, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులు ఆ కుక్కల నుంచే అంటుకుంటాయి. 2003లో ఈ కొండల్లోని వెబ్ లోయలో రేబిస్ వచ్చి అక్కడి తోడేళ్లలో నాలుగింట మూడు వంతులు పోయాయి. పైగా మేత భూములు, బార్లీ చేలు ఏటేటా పైకి పాకుతున్నాయి. ఊరి కుక్కలకు టీకాలు ఎప్పటినుంచో వేస్తున్నారు. 2018 నుంచి తోడేళ్లకూ మేకమాంసంలో రేబిస్ టీకా మందు పెట్టి, రాత్రిపూట గుర్రాల మీద వెళ్లి వేసి వస్తున్నారు.

గైడ్ డబ్బులు మాత్రం దండగ అనుకోకండి. దిగేటప్పుడు ఒక గుడిసె దగ్గర బక్కచిక్కిన కుక్క తోకాడిస్తూ వస్తే బిస్కెట్ వేయబోయాను. ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇవాళ మీరు వేస్తే రేపు ఇంకోళ్ల కోసం కొండెక్కుతుంది" అన్నాడు. ప్యాకెట్ బ్యాగులో పెట్టేశాను. అయినా అది మలుపు దాకా కారు వెంటే పరిగెత్తింది.