కదలిక చూపిస్తాయి, మోతాదు చెప్పవు: గాయం నుంచి కోలుకునేవాళ్లకు సోషల్ మీడియా యాప్‌ల రివ్యూ

చీలమండ బెణికినా, మోకాలి లిగమెంట్‌కు సర్జరీ అయినా ఫిజియో దగ్గర గడిపేది వారానికి గంటో రెండు గంటలో. మిగతా రోజులన్నీ ఇంట్లో చాప మీద, పక్కన ఫోన్. ఆ ఫోన్లోని యాప్‌లు ఈ ఒక్క పనికి ఎంతవరకు పనికొస్తాయన్నదే ఈ రివ్యూ. వినోదం సంగతి దీనికి అనవసరం.

యూట్యూబ్: 5కి 3.5

ఎక్సర్‌సైజ్ ఎలా చేయాలో చూసి నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు. వేగం 0.25 వరకు తగ్గించొచ్చు. మోకాలు ఎప్పుడు వంగుతోంది, నడుము ఎక్కడ వాలుతోంది అన్నది 0.5 వేగంలో బాగా తెలుస్తుంది. కంప్యూటర్‌లో అయితే వీడియో ఆపి కామా, ఫుల్‌స్టాప్ మీటలు నొక్కితే ఒక్కో ఫ్రేమ్ వెనక్కీ ముందుకీ కదులుతుంది. లూప్ పెట్టుకుంటే చెమట చేత్తో స్క్రీన్ తాకాల్సిన పని ఉండదు.

2021 నుంచి కొన్ని దేశాల్లో ఆరోగ్యం వీడియోల కింద, మాట్లాడుతున్నది లైసెన్స్ ఉన్న డాక్టరా, గుర్తింపు ఉన్న ఆసుపత్రా అని చెప్పే చిన్న ప్యానెల్ వస్తోంది. చెప్పేది ఎవరన్నది దాంతో తెలుస్తుంది. అది మీ మోకాలికి సరిపోతుందా అన్నది తెలియదు. అదే ఏడాది డిస్‌లైక్‌ల లెక్క కనిపించకుండా చేయడంతో, చెత్త వీడియోను పసిగట్టే ఒక సులువైన దారి మూసుకుపోయింది.

ఛానెల్‌ను పరీక్షించడానికి ఒక చిట్కా. చీలమండ బెణుకు మీద వాళ్లు ఏం చెప్పారో వెతకండి. విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తి పెట్టుకోవడం, ఇంతటితో ఆగిపోతే అది 1978 నాటి 'రైస్' సూత్రం. ఆ పేరు పెట్టిన డాక్టర్ గేబ్ మిర్కిన్ 2014లో తనే ఐస్ విషయంలో మాట మార్చుకున్నాడు. 2019లో వచ్చిన 'పీస్ అండ్ లవ్' సూత్రం మొదటి రెండు మూడు రోజులు కాపాడుకుని, తర్వాత నొప్పి ఓర్చుకోగలిగినంతలో కాలికి మెల్లగా పని చెప్పమంటుంది. వాపు నొప్పికి ఐస్ పెట్టుకుంటే ఉపశమనం ఉంటుంది, అందులో తప్పు లేదు. కానీ వారాల తరబడి కదలొద్దనే ఛానెల్‌ను మాత్రం పక్కన పెట్టేయొచ్చు.

ఆటోప్లే తప్పకుండా ఆపేయండి. 2వ వారం ఎక్సర్‌సైజ్ అయిపోగానే గెంతే ఎక్సర్‌సైజ్‌ల వీడియో దానంతటదే మొదలవుతుంది. దానికి మీ సర్జరీ తేదీతో సంబంధం లేదు. ఫిజియో చెప్పిన నాలుగైదు వీడియోలను వరసగా ఒక ప్రైవేట్ ప్లేలిస్ట్‌లో పెట్టుకుని రోజూ అక్కడి నుంచే మొదలుపెట్టడం మేలు.

ఇన్‌స్టాగ్రామ్ రీల్స్: 5కి 1.5

చిక్కు నిడివిలో ఉంది. మడమ వెనకుండే అకిలెస్ టెండన్ సంగతే తీసుకోండి (వాడుకలో నరం అంటాం గానీ అది నరం కాదు, పిక్క కండను మడమ ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది). దాని నొప్పికి మెట్టు అంచున నిలబడి మడమను మెల్లగా కిందికి దించే ఎక్సర్‌సైజ్ పేరుమోసింది. రీల్ కొన్ని సెకన్లలో దాన్ని అందంగా చూపిస్తుంది. 1998లో ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం ప్రచురించిన అసలు పద్ధతి ఇదీ: మోకాలు నిటారుగా ఉంచి 15 చొప్పున 3 సెట్లు, మోకాలు కొంచెం వంచి ఇంకో 3 సెట్లు, రోజుకు రెండు పూటలు, 12 వారాలు. అంటే రోజుకు 180 సార్లు. రీల్ చూసి పొద్దున పది సార్లు చేసి, వారానికే 'ఇది పనిచేయట్లేదు' అని వదిలేస్తే తప్పు ఎక్సర్‌సైజ్‌ది కాదు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. నొప్పి టెండన్ మధ్యలో కాకుండా, అది మడమ ఎముకకు అతుక్కున్న చోట ఉంటే మెట్టు కంటే కిందికి దించకూడదు. పాదం పైకి వంగినకొద్దీ టెండన్ ఎముకకేసి ఒత్తుకుంటుంది, నొప్పి పెరుగుతుంది. వాళ్లు చదునైన నేల మీదే చేయాలి. ఈ తేడా చెప్పడానికి 20 సెకన్లు చాలు. కానీ చెప్పే రీల్స్ అరుదు. సేవ్ చేసుకుని ఫిజియోకి చూపించి 'ఇది నాకు పనికొస్తుందా' అని అడగడానికి మాత్రం రీల్స్ బాగుంటాయి. ఒకటిన్నర మార్కు అందుకే.

ఫేస్‌బుక్ గ్రూపులు: అడిగే ప్రశ్నను బట్టి 4, లేదా 1

బ్రేస్ తడవకుండా స్నానం ఎలా, రాత్రి దిండు ఎక్కడ పెట్టుకోవాలి, చంకకర్రలతో మెట్లెక్కడం ఎలా (ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు దెబ్బ తగిలిన కాలు): ఇలాంటి వాటికి గ్రూపులో పది నిమిషాల్లో పనికొచ్చే జవాబులు వస్తాయి. చాలా క్లినిక్‌లలో ఇవి చెప్పేంత తీరిక ఎవరికీ ఉండదు.

'3వ వారానికే కర్రలు వదిలేశాను' లాంటి పోస్టులతోనే ప్రమాదం. మోకాలి సర్జరీ అని అందరూ రాస్తారు. మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) ముక్కను తీసేసినవాళ్లు వేరు, దాన్ని కుట్టించుకున్నవాళ్లు వేరు. కుట్టినవాళ్లకు సాధారణంగా 4 నుంచి 6 వారాలు 90 డిగ్రీలు దాటి వంచొద్దనీ, బరువు మోపడంలో జాగ్రత్త అనీ చెబుతారు. పక్కవాళ్ల తేదీలు చూసి తొందరపడితే కుట్లు ఊడొచ్చు. ఏసీఎల్ (మోకాలి లోపలుండే ఒక ముఖ్యమైన లిగమెంట్) సర్జరీ తర్వాత ఆటకు తిరిగి వెళ్లడమూ అంతే. 2016లో గ్రిండెమ్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, 9 నెలల వరకు ఒక్కో నెల ఆగినకొద్దీ మళ్లీ గాయమయ్యే రేటు దాదాపు సగానికి తగ్గింది. '5 నెలలకే మ్యాచ్ ఆడాను' అనే పోస్టుకు లైకులు వస్తాయి, '8వ నెలలో మళ్లీ తెగింది' అని రాసేవాళ్లు తక్కువ.

వాట్సాప్: 5కి 4, కానీ సెట్టింగ్‌లు సరిచేశాకే

మీ సొంత ఫిజియోతో మాట్లాడుకోవడానికి వాడితే వీటన్నిటిలో ఎక్కువ పని చేసేది ఇదే. మోతాదు చెప్పగలిగిన మనిషి అవతల ఉంటారు కాబట్టి. అయితే చాలామంది పంపే వీడియోలు చూసేవాళ్లకు ఎందుకూ కొరగావు.

ఒంటి కాలి మీద మడమ ఎత్తే ఎక్సర్‌సైజ్ ఉదాహరణగా చూద్దాం. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా రెండు మీటర్ల దూరంలో, చీలమండ ఎత్తున, దేనికైనా ఆనించి పెట్టాలి. ప్యాంటు మోకాలి పైకి మడవాలి, చెప్పులు ఉండకూడదు. వెనక నుంచి 5 సార్లు, పక్క నుంచి 5 సార్లు. వెనక నుంచి చూస్తే బరువు చిటికెన వేలి వైపుకు జారుతోందా అన్నది తెలుస్తుంది. పక్క నుంచి చూస్తే మోకాలు వంచి దొంగతనంగా లేస్తున్నారా, గోడను చేత్తో తోస్తున్నారా అన్నది తెలుస్తుంది. మొదటి రెండు సార్లు అందరూ బాగానే చేస్తారు. తప్పు 4వ దాంట్లో, 5వ దాంట్లో బయటపడుతుంది. అందుకే వీడియోను మధ్యలో కత్తిరించకూడదు.

మామూలుగా పంపితే వాట్సాప్ వీడియోను కుదించేస్తుంది. హెచ్‌డీ ఎంచుకోండి, లేదా డాక్యుమెంట్‌గా పంపండి. డిసప్పియరింగ్ మెసేజెస్ 7 రోజులకు పెట్టి ఉంటే 2వ వారం వీడియో పక్కన 6వ వారం వీడియో పెట్టి చూసే అవకాశం పోతుంది. ఆ చాట్‌కు దాన్ని ఆపేయండి. చాట్ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నా (అంటే మీరిద్దరు తప్ప ఇంకెవరూ చదవలేకుండా ఉన్నా) క్లౌడ్ బ్యాకప్‌కు ఆ రక్షణ మీరు విడిగా ఆన్ చేస్తేనే వస్తుంది. ఎమ్మారై ఫొటో పంపేటప్పుడు మూలనున్న పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి నంబరు కత్తిరించండి.

వీడియోతో పాటు ఒక్క లైను చాలు: 'వారం 3, రోజు 2. 15 చొప్పున 3 సెట్లు. చేస్తున్నప్పుడు నొప్పి 10కి 4, మర్నాడు పొద్దున 2.' టెండన్ నొప్పులకు ఫిజియోలు వాడే లెక్క ప్రకారం చేసేటప్పుడు 5 వరకు నొప్పి ఫరవాలేదు, మర్నాడు పొద్దుటికి అది తగ్గిపోవాలి, వారం వారం పెరుగుతూ పోకూడదు. 'కొంచెం నొప్పిగా ఉందండీ' అనే మెసేజ్‌తో మోతాదు పెంచాలో తగ్గించాలో ఎవరూ తేల్చలేరు.

ఫార్వర్డ్‌ల జోలికి వెళ్లొద్దు. రెండు బాణాల గుర్తు ఉందంటే ఆ సందేశం ఇప్పటికే చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. రాసిందెవరో, ఏ గాయానికి రాశారో ఆ దారిలోనే పోయి ఉంటుంది.

ఏ యాప్‌లోనూ జవాబు కోసం ఎదురుచూడకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. కాలు బెణికిన వెంటనే, ఆ తర్వాత కూడా దాని మీద నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండకు రెండు పక్కలా ఉండే గుబ్బ ఎముక కొసన గానీ, వెనక అంచున కింది 6 సెంటీమీటర్లలో గానీ నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించాలి. పాదం బయటి అంచు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే ఎముక, లోపలి వంపు పైనున్న ఎముక నొక్కితే నొప్పెట్టినా అంతే. సర్జరీ తర్వాత గానీ కట్టు వేసి ఉన్న రోజుల్లో గానీ ఒక పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. దానికి ఆయాసమో ఛాతీ నొప్పో తోడైతే ఫోన్‌ను అంబులెన్స్ పిలవడానికే వాడాలి.