పాటకు డబ్లిన్, పడకకు బెల్ఫాస్ట్

ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో హోటల్ గదికి విడిగా 'సిటీ ట్యాక్స్' అంటూ, అంటే బస చేసినందుకు ఊరికి కట్టే పన్ను అంటూ ఏమీ లేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుని మిగతాదంతా చదవకుండా వదిలేసినా నాకేం బాధ లేదు. పారిస్‌లో ఉంది, రోమ్‌లో ఉంది, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది. 2024 నవంబర్‌లో మేం వెళ్లేనాటికి డబ్లిన్‌లో మాత్రం లేదు. అయినా మేం దిగిన గెస్ట్ హౌస్ కౌంటర్‌లో కూర్చున్నాయన మనిషికి రాత్రికి 5 యూరోల లెక్కన, ఇద్దరికీ రెండు రాత్రులకు 20 యూరోలు నోట్ల రూపంలో వసూలు చేసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మన డబ్బుల్లో దాదాపు 1,800 రూపాయలు. డబ్బు సంగతి సరే, గల్లాపెట్టెలో కాకుండా జేబులో పెట్టుకున్నాడు చూడండి, అది నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

మేం వెళ్లింది ద కోర్స్ అనే ఐర్లండ్ బ్యాండ్ షో కోసం. తొంభైల చివర్లో కేబుల్ టీవీలో చానల్ వీ పెట్టుకుని కూర్చున్నవాళ్లకు వీళ్లని పరిచయం చేయక్కర్లేదు. ముగ్గురు అక్కచెల్లెళ్లు, ఒక అన్న. షారన్ వయొలిన్, కరొలైన్ డ్రమ్స్, ఆండ్రియా పాట, మధ్యమధ్యలో టిన్ విజిల్ అనే రేకు పిల్లనగ్రోవి, జిమ్ గిటార్, కీబోర్డ్. డబ్లిన్‌కీ, బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్ఫాస్ట్‌కీ మధ్యలో ఉన్న డన్‌డాక్ వీళ్ల ఊరు. ఐర్లండ్ పల్లె బాణీలను రాక్ పాటల్లో కలిపి 1997లో తెచ్చిన 'టాక్ ఆన్ కార్నర్స్' ఆల్బమ్, 1998లో బ్రిటన్‌లో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయింది. కొన్నేళ్లు వేదిక దిగిపోయి, 2022లో ఆస్ట్రేలియాలో మళ్లీ ఎక్కారు. 2023లో ఫిలిప్పీన్స్, ఆస్ట్రేలియా చుట్టి వచ్చారు. మనవైపు వస్తారేమోనని ఎదురుచూసి, రారని తేలాక 2024లో ఆ ఆల్బమ్ పేరుతోనే బ్రిటన్, ఐర్లండ్ పర్యటన ప్రకటించగానే మా ఆయన ముందు లెక్కల కాగితం పెట్టాను. ఆయనకు ఇళయరాజా తప్ప వేరే సంగీతం లేదు. "చలికాలంలో అక్కడికా?" అన్నారు కానీ, వద్దనలేదు.

వీసా విషయంలో మాత్రం ఇండియా నుంచి వెళ్లేవాళ్లకు ఒక మంచి సదుపాయం ఉంది. బ్రిటన్ విజిటర్ వీసాకు ఇక్కడ దరఖాస్తు చేసుకుంటే, దాని మీద 'బీఐవీఎస్' అని వేసి ఇస్తారు, అంటే బ్రిటన్, ఐర్లండ్‌ల ఉమ్మడి వీసా పథకం. అది ఉంటే ఐర్లండ్‌కు మళ్లీ వీసా అక్కర్లేదు. షరతు ఒక్కటే, ముందు ఆ వీసా ఇచ్చిన దేశంలో దిగాలి, తర్వాతే రెండోదానికి వెళ్లాలి. అప్పటి ఫీజు 115 పౌండ్లు. కానీ లండన్‌లో చదువుకుంటున్న మా అక్క కూతురికి ఇది వర్తించదు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఐర్లండ్‌కు విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి, 60 యూరోలు కట్టాలి, పాస్‌పోర్టు అప్పగించి కూర్చోవాలి. పరీక్షల మధ్యలో తనకు అది కుదరలేదు. "అదేంటి పిన్నీ, హైదరాబాద్ నుంచి వచ్చిన మీరు వెళ్తారు, పక్కనే ఉన్న నేను వెళ్లకూడదా?" అని మూతి ముడుచుకుంది. ఈస్ట్ హామ్‌లో నలుగురమ్మాయిలు కలిసి అద్దెకున్న ఆ ఇంట్లోనే మా మకాం కాబట్టి ఆ మూతి రోజూ చూడాల్సి వచ్చేది.

లండన్ స్టాన్‌స్టెడ్ ఎయిర్‌పోర్ట్‌లో చవక విమానం కౌంటర్ దగ్గర ఒక గండం. యూరప్ పాస్‌పోర్టు లేనివాళ్లు సెక్యూరిటీకి వెళ్లేముందు కౌంటర్‌లో కాగితాలు చూపించుకోవాలి. అక్కడున్న అమ్మాయి బీఐవీఎస్ అన్న మాటే వినలేదట. "ఐర్లండ్ వీసా ఎక్కడ?" అని మూడుసార్లు అడిగింది, మూడోసారి గొంతు పెంచి. వీసా స్టిక్కర్ మీద ఆ నాలుగు అక్షరాల మీద వేలు పెట్టి చూపించాను. సూపర్‌వైజర్ వచ్చి ఒక్క చూపు చూసి సరే అన్నాడు. ఈలోపు మా ఆయనకు టెన్షన్‌తో చెమటలు పట్టాయి. ఐర్లండ్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఈ పథకం వివరాలున్న పేజీని ప్రింట్ తీసుకుని వెళ్లండి. టికెట్ 31 పౌండ్లు, పైన పెట్టుకునే బ్యాగుకు 26. డబ్లిన్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసర్ మాత్రం ఎందుకొచ్చారని అడిగి, జవాబు విని నవ్వుతూ ముద్ర వేసి పంపాడు.

ఇక ఆ బస. గార్డినర్ స్ట్రీట్ వైపు వరసగా పాత ఇళ్లను గెస్ట్ హౌస్‌లుగా మార్చేశారు, వాటిలో ఒకటి. పేరు చెప్పను, ఫొటోల్లో మాత్రం పెళ్లివారి విడిదిలా ఉంది. రాత్రికి 178 యూరోలు. అదే గది తర్వాతి వారానికి ఎంత అని చూస్తే 92. పెద్ద షో ఉన్న రోజుల్లో డబ్లిన్‌లో ఇది మామూలేనట. ఆ సంగతి తెలిసే వెళ్లాం కాబట్టి దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదంతా 178కి ఏమిచ్చారన్న దాని మీదే.

గది నేలమాళిగలో ఉంది. కిటికీ ఉంది, కానీ తెరిస్తే చేతికందేంత దూరంలో ఇటుక గోడ. బాత్రూం గదిలోనే అని రాశారు. నిజమే, బీరువా అంత పెట్టెలో షవర్ ఒకటి బిగించి ఉంది. టాయిలెట్ మాత్రం వరండా చివర, నాలుగు గదులకు కలిపి ఒక్కటే. హీటర్‌కు ఒక బటన్. నొక్కితే అరగంట వేడి, తర్వాత దానంతటదే ఆగిపోతుంది. అర్ధరాత్రి చలికి మెలకువ వచ్చి చూస్తే మా ఆయన స్వెటర్ మీద కోటు, తలకు మంకీ క్యాప్ వేసుకుని మంచం చివర కూర్చుని, చెయ్యి చాచి అరగంటకోసారి బటన్ నొక్కుతున్నారు. "నువ్వు పడుకో, నేను డ్యూటీలో ఉన్నా" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టిఫిన్ కలిపే అని రాశారు కదా అని పొద్దున పైకి వెళ్తే, ఒక బ్రెడ్ ప్యాకెట్, ఒక టోస్టర్, టోస్టర్ ముందు తొమ్మిది మంది. ఖాళీ చేశాక సామాను రెండు గంటలు ఉంచుకోవడానికి బ్యాగుకు 5 యూరోలు.

ఈ సిటీ ట్యాక్స్ గుట్టు రట్టయింది ట్యాక్సీలో. షో అయ్యాక వాన పట్టుకుంటే, నడవలేక 12 యూరోలకు ట్యాక్సీ ఎక్కాం. ఎక్కడ దిగారు, ఎంత తీసుకున్నారు అని డ్రైవర్ మాట కలిపాడు. పన్ను సంగతి చెప్పగానే పెద్దగా నవ్వి, ఇక్కడ పుట్టి పెరిగాను, అలాంటిది ఎప్పుడూ వినలేదన్నాడు. పొద్దున్నే సిటీ హాల్ పక్కనున్న పర్యాటక సమాచార కేంద్రానికి వెళ్లి అడిగాను. వాళ్లూ అదే చెప్పారు: గది అద్దెలో 13.5 శాతం వ్యాట్ కలిసే ఉంటుంది, దాని మీద ఇంకేమీ ఇవ్వక్కర్లేదు. తిరిగొచ్చి కౌంటర్ దగ్గర నిలబడ్డాను. మేనేజర్ లేడన్నాడు. ఉండక్కర్లేదు, 'సిటీ ట్యాక్స్ 20 యూరోలు' అని రాసి రసీదు ఇవ్వండి చాలు అన్నాను. చాలాసేపు కంప్యూటర్ వంకే చూశాడు. తర్వాత అదే జేబులోంచి 10 యూరోల నోటు తీసి బల్ల మీద పెట్టి, 'మర్యాద కోసం' ఇస్తున్నానన్నాడు. మిగతా పది కోసం నేను అక్కడే బైఠాయించేదాన్నే. మా ఆయన చెయ్యి పట్టుకుని "పోనీలేవే, రైలు టైమవుతోంది" అన్నారు. మీకు ఎవరైనా ఇలా అడిగితే డబ్బు ఇచ్చే ముందే రసీదు అడగండి, ఆ ఒక్క మాటకే వెనక్కి తగ్గుతారు.

టికెట్ల విషయంలో మాత్రం ఐర్లండ్‌కు దండం పెట్టాలి. 2021లో అక్కడ ఒక చట్టం చేశారు. వెయ్యి మంది పైన పట్టే హాళ్లలో జరిగే షోల టికెట్లను అసలు ధర కంటే ఎక్కువకు తిరిగి అమ్మడం నేరం. అందుకే ఆలస్యంగా వెతికినా డబ్లిన్ షోకు ఎవరో మానుకున్న టికెట్లు అసలు ధరకే, ఒక్కోటి 86 యూరోలకు దొరికాయి. లండన్‌లో ఓ2 అరీనా షోకు ఆ అదృష్టం లేదు. టికెట్ మీద అచ్చయింది 72.50 పౌండ్లు, రీసేల్ సైట్‌లో మేం పెట్టింది ఒక్కోదానికి 148. అక్క కూతురిని కూడా తీసుకెళ్లాలి కాబట్టి మూడు కొన్నాం. ఓ2 బాగుంది, మెట్రో దిగితే ఎదురుగానే, 20,000 మంది పడతారు, మాకు మనుషులకంటే తెరలే ఎక్కువ కనిపించాయి. అంతకుమించి దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

డబ్లిన్ 3అరీనా అలా కాదు. 1878లో కట్టిన రైల్వే గూడ్స్ డిపో అది. తర్వాత పాయింట్ అనే పేరుతో హాలుగా మార్చారు, యూరోవిజన్ పాటల పోటీలు జరిగింది ఇక్కడే. ఇప్పుడు విసనకర్ర ఆకారంలో సీట్లు వేసి, ఎక్కడ కూర్చున్నా వేదిక 60 మీటర్లకు మించకుండా కట్టారు. అందుకే చవక సీట్లు కొన్నా నష్టం లేదు. ఎర్ర లైన్ ట్రామ్ చివరి స్టాపు గుమ్మం ముందే, బస్సులకూ ట్రామ్‌లకూ వాడే లీప్ కార్డు ఉంటే 2 యూరోలు. ఏ4 కాగితం కంటే పెద్ద బ్యాగు లోపలికి రానివ్వరు, ఆ విషయం ముందే చెప్తున్నా.

షారన్ వయొలిన్ వాయించడం దగ్గర నుంచి చూడాలనే నేను అంత దూరం వెళ్లింది. విజయవాడలో చిన్నప్పుడు నేర్చుకున్నదాన్ని. మనం నేల మీద కూర్చుని, వయొలిన్ చివర పాదం మీద ఆనించి వాయిస్తాం, అది కదలదు కాబట్టే గమకం పలుకుతుంది. ఈవిడ నిలబడి, నడుస్తూ, చెల్లెలి వైపు తిరిగి నవ్వుతూ వాయిస్తోంది. వేగం పెరిగినప్పుడు కమాను మొత్తం వాడదు, మధ్యలో ఓ జానెడు ముక్కతోనే, మణికట్టు తప్ప ఏదీ కదలకుండా. కరొలైన్ బౌరాన్ పట్టుకుని ముందుకొచ్చింది. మేకతోలు బిగించిన వెడల్పాటి వాద్యం అది. ఒక చెయ్యి వెనక తోలు మీద నొక్కి శ్రుతి మారుస్తుంది, రెండో చేతిలో చిన్న పుల్ల, మధ్యలో పట్టుకుని రెండు కొసలతోనూ కొడతారు. ఆండ్రియా విజిల్ అందుకోగానే మాటల్లేని ఆ రీల్‌కు, అంటే గబగబా సాగే ఐర్లండ్ నాట్య బాణీకి, హాలు హాలంతా లేచి నిలబడింది. పక్క సీటు పెద్దావిడ మా ఆయన చెయ్యి పట్టుకుని లేపేసింది. ఆయన చప్పట్లు తాళంలోనే కొట్టారు. బయటికొచ్చాక మాత్రం "బాగానే ఉంది, కానీ రాజా గారి ఫ్లూట్..." అని మొదలుపెట్టారు, నేను వినలేదు.

డబ్లిన్ కానలీ స్టేషన్ నుంచి డన్‌డాక్ గంట ప్రయాణం. చూడ్డానికి పెద్దగా ఏమీ లేని ఊరు, నాకైతే వెళ్లకుండా ఉండటం కుదరదు. వీళ్ల అమ్మానాన్నలకు కూడా ఒక బ్యాండ్ ఉండేది, ఆబ్బా, ఈగల్స్ పాటలు పాడేవాళ్లు. పిల్లలు నలుగురూ మొదట్లో వాయించింది సీటౌన్ వీధిలో వాళ్ల ఆంటీ పబ్బు మెక్‌మానస్‌లో. 1994లో డబ్లిన్‌లో వీలన్స్ అనే పబ్బులో వీళ్లని చూసిన అమెరికా రాయబారి జీన్ కెనెడీ స్మిత్, ఫుట్‌బాల్ వరల్డ్ కప్ సందర్భంగా బోస్టన్‌కు రమ్మని పిలవడంతో దారి తెరుచుకుంది. మెక్‌మానస్ బయట ఫొటో తీసుకుని, పక్క వీధిలో చిన్న హోటల్‌లో తిన్నాం. నాకు సీఫుడ్ చౌడర్, అంటే చేపలు, మసెల్స్ వేసిన చిక్కటి పాల పులుసు, నల్ల రొట్టె, వెన్నతో 9.50 యూరోలు. శాకాహారి అయిన మా ఆయనకు ఉల్లికాడలు, వెన్న కలిపిన బంగాళదుంప ముద్ద. ఈ దేశంలో తిన్న మొదటి వేడి ముద్ద ఇదేనంటూ రెండోసారి కూడా తెప్పించుకున్నారు. వెంట తెచ్చుకున్న ఆవకాయ పొట్లం అక్కడ తీశారు. వడ్డించే అమ్మాయి రుచి చూస్తానంది, చూసింది, నీళ్లకు పరిగెత్తింది.

అక్కడి నుంచి అదే లైన్‌లో బెల్ఫాస్ట్. 2024 అక్టోబర్ చివర నుంచి ఎంటర్‌ప్రైజ్ రైలు గంటకొకటి నడుస్తోంది, కొత్త గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో దిగుతాం. సరిహద్దు ఎక్కడ దాటామో తెలియదు, ఎవరూ రైల్లో కాగితాలు అడగలేదు. అడగకపోయినా వీసా మాత్రం ఉండి తీరాలి. క్వీన్స్ యూనివర్సిటీ దగ్గర ఒక గెస్ట్ హౌస్, రాత్రికి 68 పౌండ్లు, టిఫిన్‌తో. హీటర్ మన ఇష్టం. మా ఆయన మాంసం తినరని తెలిసి, ఇంటావిడ రాత్రే వచ్చి గుడ్డు తింటారా, పుట్టగొడుగులు తింటారా అని అడిగి వెళ్లింది. పొద్దున సాసేజ్ లేని ప్లేటులో పొటాటో బ్రెడ్, సోడా బ్రెడ్, పుట్టగొడుగులు, టమాటాలు. పన్నుల ప్రస్తావనే లేదు. ఆ పర్యటనలో బెల్ఫాస్ట్‌లోనూ షో ఉంది. ఇంకోసారైతే నేను అక్కడే చూస్తాను: బ్రిటన్ వీసా చాలు, స్టూడెంట్ వీసా ఉన్న పిల్లలూ రావచ్చు, గది సగం ధరకు దొరుకుతుంది. పోయేదల్లా రీసేల్ మోసం నుంచి కాపాడే ఆ చట్టం, అందుకని అమ్మకం మొదలైన రోజే కొనేయండి.

ఈ లెక్కంతా మా అక్క కూతురికి చెప్తే ఇంకా కోపం వచ్చింది. "ఈ మాట ముందే తెలిస్తే నేనూ వచ్చేదాన్ని కదా పిన్నీ!" తన కోసం డబ్లిన్ హాల్లో 40 యూరోలు పెట్టి కొన్న టీషర్టు ఇచ్చాను. సైజు చూసుకుని, బాబాయ్ చేతిలో పెట్టింది. ఆయన ఇప్పుడు దాన్ని వేసుకునే పొద్దున వాకింగ్‌కు వెళ్తున్నారు.